మూసిన లేడీస్ కౌంటర్

మా ఊళ్ళో నా గురించి ఒక మంచి కథ ఉంది. అది అబద్ధం.

నూజివీడులో ఒక పాత సినిమా హాలుకి ఇరవై ఆరేళ్ళు మేనేజరుగా చేశాను. పదేళ్ళు దాటిన మాట ఇది. A సర్టిఫికెట్ బొమ్మ ఒకటి ఆడుతుండగా, మామిడి తోటల్లో కాయ కోసే ఆడకూలీల ముఠా మ్యాట్నీకి వచ్చిందట. నేను గేటు దగ్గరే ఆపి, "ఇది మీరు చూసేది కాదమ్మా" అని మర్యాదగా వెనక్కి పంపానట. వాళ్ళలో పెళ్ళికాని పిల్ల కూడా ఉందట. టికెట్లు తెగుతాయన్న ఆశ పెట్టుకోకుండా ఆడవాళ్ళ పరువు కాపాడానట. ఈ కథని పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను, మార్కెట్ యార్డులో విన్నాను, కటింగ్ షాపులో మెడకి గుడ్డ కట్టించుకుని కూర్చుని విన్నాను. నా ఎదురుగానే చెప్పేవాళ్ళు. నేను తల దించుకుని నవ్వేవాణ్ణి. వినయం అనుకునేవాళ్ళు.

మొన్న వేసవిలో హాలుకి కొత్త తెర, కొత్త సౌండు వేయించారు. ఆ సందర్భంగా ఓనరు గారు చిన్న సభ పెట్టి నాకు శాలువా కప్పుతామన్నారు. యార్డు పెద్దమనిషి ఒకాయన చేత ఆ కథ మైకులో చెప్పిస్తామన్నారు.

జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఎవరికి కోపం వచ్చినా రాస్తాను.

ముందు మా దగ్గర సర్టిఫికెట్ అంటే ఏమిటో చెప్పాలి. సినిమా మొదలయ్యే ముందు తెర మీద పది సెకన్లు కనబడే కాగితం అది. ఆ పది సెకన్లలో జనం సెల్‌ఫోన్ లైటు వేసుకుని సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. దాని మీది అక్షరాన్ని మా ఊరు రెండు రకాలుగానే చదువుతుంది. A ఉంటే బూతు బొమ్మ. లేకపోతే ఫ్యామిలీ బొమ్మ. ఫ్యామిలీ బొమ్మలో ఎంతమందిని నరికినా అది ఫ్యామిలీ బొమ్మే.

పదేళ్ళ కిందటి ఆ వేసవిలోనే, నేను చెప్పబోయే సినిమాకి నాలుగు వారాల ముందు, పెద్ద హీరో సినిమా ఒకటి U/A తో వచ్చింది. పేరు చెప్పను, ఏ పేరు చెప్పినా ఒకటే. ఇంటర్వెల్ లోపల నలభై మూడు మంది చచ్చారు. నేను లెక్కపెట్టాను. లేడీస్ కౌంటర్ లైను రోడ్డు దాకా వచ్చింది. చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. హీరో సిగరెట్టు వెలిగిస్తే, అది ఆరోగ్యానికి హానికరమని కింద అక్షరాలు పడ్డాయి. అదే హీరో అదే చేత్తో కత్తి పట్టి మెడ కోస్తే కింద ఏ అక్షరాలూ పడలేదు. విలన్ ఒక బూతుమాట అన్నాడు, దాన్ని మాత్రం తీసేశారు. మెడ తెగిన చప్పుడు శుభ్రంగా వినిపించింది. అప్పట్లో మా సౌండు అంత మంచిది కాకపోయినా వినిపించింది.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. దాన్ని కూడా బాక్సులో కూర్చోబెట్టి చూపించాను. రెండ్రోజుల తర్వాత మా తోటకి తీసుకెళ్తే, చెట్ల కింద గడ్డి కోయడానికి మా పాలేరు కొడవలి పట్టుకుని వచ్చాడు. అది పుట్టినప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన మనిషి. పిల్ల నా వెనక్కి వచ్చి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఆయన ఎవర్ని చంపడానికొచ్చాడు?"

ఆయన ఆ కొడవలి వీపు వెనక్కి పెట్టేసుకుని అలాగే నుంచుండిపోయాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో, పిల్ల తోటలో ఉందంటే కొడవలి కంచె దగ్గరే దాచి వచ్చేవాడు.

ఇంట్లో మా ఆవిడ అడిగింది. "పెద్దవాళ్ళు దగ్గరుండి చూసుకోవాలని ఆ కాగితం మీద ఉంటుందన్నారుగా. ఆ పెద్దవాళ్ళు ఎవరండీ? మీరు కాదా?"

"అందరూ తీసుకొచ్చారు కదా," అన్నాను.

"అందరూ ఆ హాలుకి మేనేజర్లు కాదుగా."

ఆ సినిమా నాలుగు వారాలు ఆడింది. దాని తర్వాత వచ్చింది ఈ A బొమ్మ.

పెద్ద నటులెవరూ లేరు. పెద్ద సినిమా ఇచ్చిన డిస్ట్రిబ్యూటరే దీన్ని కూడా వెయ్యాలన్నాడు కాబట్టి వేశాం. పోస్టరు మీద ఒక అమ్మాయి కోర్టు బోనులో నుంచుని ఉంటుంది. అంతే. ఆ పోస్టరు చూసి మావైపు ఒక్కడు కూడా రాడు. మా పెయింటరుని పిలిపించి, ఆ అమ్మాయి భుజం మీద పడేలా మూరెడు A ఎర్ర రంగుతో రాయించాను. కింద "పెద్దలకు మాత్రమే" అని రాయించి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టించాను. ఓనరు గారు చెప్తేనే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన చెప్పలేదు. ఆ వారం ఆయన ఊళ్ళోనే లేరు.

ఇంకొక పని చేశాను. లేడీస్ కౌంటర్ మూయించాను. A బొమ్మ ఆడినన్నాళ్ళూ ఆ కిటికీ మూసెయ్యడం హాళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. అలా మూయమని ఏ చట్టంలోనూ లేదు. పద్దెనిమిది నిండిన ఎవరికైనా టికెట్ ఇవ్వాలనే ఉంది. కానీ ఆ కిటికీ మూసి ఉందంటే లోపల ఏదో ఉందని మగవాళ్ళకి అర్థమైపోతుంది. ఎర్ర అక్షరం కంటే బాగా పనిచేస్తుంది అది.

శుక్రవారం హాలు నిండిపోయింది. నూనూగు మీసాలైనా సరిగ్గా రాని కాలేజీ కుర్రాళ్ళు వచ్చారు. వయసు అడగలేదు. వెనక గోడకి ఆనుకుని నేనూ సినిమా చూశాను.

ఒక గోడౌన్లో పనిచేసే అమ్మాయి మీద అక్కడి సూపర్‌వైజరు అఘాయిత్యం చేస్తాడు. తెర మీద చూపించింది మూసుకునే తలుపు ఒక్కటే. ఆ తర్వాత సగం సినిమా కోర్టులోనే. లాయరు అడుగుతాడు, ఆ అమ్మాయి చెప్తుంది. ఏడవదు. మధ్యలో మంచినీళ్ళు అడిగి తాగి, మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి చెప్తుంది. రెండు చోట్ల ఆమె నోరు కదులుతుంది కానీ మాట వినిపించదు. వాడు తనకి చేసినదాన్ని ఆమె ఏ మాటతో చెప్పిందో ఆ మాట తీసేశారు. తిట్టు కాదది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునే మాట. A ఇచ్చి, పెద్దలకి మాత్రమే అని రాసి, ఆ పెద్దల చెవిన కూడా పడకుండా తీసేశారు.

జనం ఈలలేశారు. "ఎప్పుడొస్తదిరా?" అని వెనక సీట్లోవాడు అరిచాడు. ఇంటర్వెల్లో నలుగురు నా దగ్గరికొచ్చారు.

"ఏంటండీ మేనేజరు గారూ, అంత లావున A వేయించారు, ఏమీ లేదేంటి?"

"సెకండాఫ్‌లో ఉందిలే, కూర్చోండి," అన్నాను.

సెకండాఫ్‌లో ఏముందో నాకు తెలుసు.

సోమవారం మ్యాట్నీకి ఆ ఆడవాళ్ళు వచ్చారు. ముందు రోజు వాన పడి తోటలు తడిసి, కోత ఆపేశారు. పదకొండు మంది. ముసునూరు వైపు తోటలన్నిటికీ కోతకి వెళ్ళే ముఠా. మా తోటకి కూడా వచ్చేవాళ్ళు. సీజను చివర కదా, సొన కారి వాళ్ళ చేతుల మీద, చెంపల మీద కాలినట్టు నల్లమచ్చలు. ముందున్నది ముఠా మేస్త్రి, నాకంటే పదేళ్ళు పెద్దది. ఆమె వెనక ఒక పిల్ల. పందొమ్మిదేళ్ళు.

ఆ పిల్ల ఎవరో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. తోట కౌలుకి తీసుకున్న వ్యాపారి బావమరిది ప్యాకింగ్ షెడ్డులో ఆ పిల్ల మీద చెయ్యి వేశాడు. చెయ్యి వెయ్యడంతో ఆగలేదు. మేస్త్రి ఆ పిల్లని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళి కాగితం రాయించింది. కోర్టుకి వెళ్ళాల్సి ఉంది.

"లేడీస్ కౌంటర్ మూసేశారేంటండీ?" అని మేస్త్రి అడిగింది.

"A బొమ్మకి తెరవమమ్మా."

"ఎందుకని?"

"ఆడాళ్ళు రారు కాబట్టి."

"వచ్చాంగా. పదకొండు మందిమి ఉన్నాం, కనపడట్లేదా మీకు?"

"ఎండకి మాడిపోయి ఉన్నాం గదక్కా, ఆనట్లేదేమో," అంది వెనక నుంచి ఒకామె. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. అది నాకు బాగా గుర్తు.

"మొన్న నరుకుడు సినిమాకి మా పసిపిల్లల్ని కూడా రానిచ్చారు. అప్పుడు ఆనామా?" అంది మేస్త్రి.

"అది వేరమ్మా."

"ఏంటండీ వేరు? అందులో చంపారు, ఇందులో మాట్లాడతారంట. మా కోడలు ఫోన్లో చూసి చెప్పింది. చంపుకోడం చూట్టానికి పనికొచ్చినోళ్ళం, మాట్లాడుకోడం వినటానికి పనికిరామా?"

అప్పుడు ఆ పిల్ల ముందుకొచ్చింది.

"ఒక్క టికెట్టన్నా ఇవ్వండి. మగాళ్ళ లైన్లోనే నుంచుంటాను. లాయరు ఏం అడుగుతాడో, ఆయమ్మ ఎట్టా చెప్పిందో చూడాలండి నాకు. చూసొచ్చి వీళ్ళకి కథ చెప్తాను."

కోత ముఠాల్లో అది ఉన్నదే. ఒకరు సినిమా చూసొస్తే, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు పాటలతో, ఫైటింగులతో సహా మిగతావాళ్ళకి కథ చెప్తారు. మంచిగా చెప్పేవాళ్ళకి కూర ఎక్కువ పడుతుంది.

ఆ పిల్ల అడిగింది అంతే. కోర్టులో నుంచోవడం ఎలాగో చూసుకోవాలని. అది చూపించే సినిమా నా వెనక హాల్లో ఉంది. మూడు రోజుల క్రితమే నేను చూశాను. ఇవ్వకపోవడానికి ఒక్క కారణం కూడా లేదు.

ఉన్నది ఒక్కటే. ఆడవాళ్ళు లోపలికి వెళ్తే, ఇందులో ఏమీ లేదని మగవాళ్ళకి తెలిసిపోతుంది.

"నీలాంటి పిల్ల చూసే బొమ్మ కాదిది!" అన్నాను. మర్యాదగా కాదు, అరిచి. పక్క లైన్లో ఉన్న మగవాళ్ళందరికీ వినపడాలని అరిచాను. వినపడింది. ఈలలేశారు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి లైన్లో చేరారు.

ఆ పిల్ల ముఖంలో నవ్వు పోయింది. మేస్త్రి నా వైపు ఒక్క క్షణం చూసింది.

"సరేనండి. మీ బొమ్మ మీరే చూసుకోండి," అని అందర్నీ తీసుకుని వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత యార్డులో ఒక కమీషను కొట్లో పెద్దలు కూర్చున్నారు. కేసు కోర్టు దాకా ఎందుకు, ఇక్కడే తేల్చుకుందామని. నన్నూ పిలిచారు. మా తోట కాయ కూడా ఆ వ్యాపారే కొనేవాడు. ఇప్పుడు నాకు శాలువా కప్పిస్తూ కథ చెప్పబోయిన పెద్దమనిషి, ఆ రోజు నన్ను అడిగాడు.

"ఏమయ్యా, ఆ పిల్ల మీ హాలుకి A బొమ్మకి వచ్చిందంటగా?"

"వచ్చిందండి," అన్నాను.

చూసిందా అని ఎవరూ అడగలేదు. చూడలేదని నేను చెప్పలేదు. ఆ బొమ్మలో ఏముందో కూడా చెప్పలేదు. ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగి, "విన్నారుగా" అన్నాడు. అంతే, పిల్ల ఎలాంటిదో తేలిపోయింది. మేస్త్రి ద్వారం దగ్గర నుంచుని ఉంది.

నెల తిరక్కుండానే ఆ పిల్ల చేత కాగితం వెనక్కి తీయించారు. చాట్రాయి వైపు మేనమామ ఊరికి పంపేశారు. ఆ బావమరిది మరుసటి సీజనుకి అదే షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల గురించి, A బొమ్మలకి తిరిగే పిల్ల అని ఊళ్ళో స్థిరపడిపోయింది. నా గురించి, వెనక్కి పంపిన పెద్దమనిషి అని స్థిరపడింది.

ఆ అమ్మాయి ఆ సినిమా చూడలేదు. రాసిపెట్టుకోండి. చూసి ఉంటే మాత్రం ఏం? చూసే హక్కు ఆమెకి ఉంది, ఆ హాల్లో ఈలలేసిన కుర్రాళ్ళకి లేదు. చూసి ఉంటే ఆ కాగితం వెనక్కి తీసుకునేది కాదేమో. నాకు తెలియదు. తెలిసే దారి మూసింది నేను.

సభకి వారం ముందు మేస్త్రిని వెతుక్కుంటూ వెళ్ళాను. మా పక్క తోటలోనే కోత జరుగుతోంది. జుట్టు నెరిసింది. ఇప్పుడు కాయ కోసే గెడ పట్టడం లేదు, కింద కూర్చుని బంగినపల్లి కాయల్ని ట్రేల్లో సర్దుతోంది.

"ఏం బాబూ, ఇటొచ్చారు?"

క్షమించమని అడగడానికి వచ్చానన్నాను.

"నన్నా? నాకేం చేశారు మీరు?" ఆమె కాయ తొడిమ చూసి, సొన పక్కకి కారేలా బోర్లించింది. "ఆ రోజు గేటు దగ్గర అరిచి చెప్పారు. యార్డులో పదిమందిలో చెప్పారు. ఇప్పుడు చెట్టు కిందకొచ్చి గొణుగుతున్నారు. ఎవరికి వినపడద్ది ఇది?"

"ఏం చెయ్యమంటావు?"

"అరిచి చెప్పండి. అట్టాగే. అక్కడే."

సభ ఉదయం పదకొండింటికి. హాల్లో రెండొందల మంది ఉంటారు. టికెట్లన్నీ ఫోన్లోనే కొంటున్నారని, లేడీస్ కౌంటర్ కిటికీకి ఇటుకలు కట్టి సిమెంటు పూసేశారు. నేను దాని పక్క నుంచే లోపలికి నడిచాను. పెద్దమనిషి కథ మొదలుపెట్టాడు. "మర్యాదగా" అన్న మాట దగ్గరికి రాగానే లేచి మైకు అడిగాను. నేనేదో వినయంగా వద్దంటాననుకుని నవ్వుతూ ఇచ్చాడు.

పైన రాసిందంతా చెప్పాను. ఎర్ర అక్షరం, మూసిన కిటికీ, సెకండాఫ్‌లో ఉందని ఆడిన అబద్ధం, యార్డులో అన్న ఒక్క మాట. అరిచే చెప్పాను. కొత్త సౌండు కదా, బయట సైకిల్ స్టాండు దాకా వినపడిందట.

వెనక నుంచి ఎవరో, "శాలువా కప్పాక చెప్పొచ్చుగా మాస్టారూ!" అన్నారు. జనం నవ్వారు. పెద్దమనిషి మైకు లాక్కోబోయాడు.

"ఎప్పుడో అయిపోయిందయ్యా. ఇప్పుడెందుకివన్నీ?"

"అయిపోయింది మీకండి, నాకండి. ఆ పిల్లకి అవలేదు," అన్నాను.

శాలువా కుర్చీ మీద మడత విప్పకుండానే ఉండిపోయింది. ఓనరు గారు ఆఫీసు గదిలోకి పిలిచి తలుపేశారు.

"హాలు పరువు తీశావు కదయ్యా."

"పరువు అప్పుడే తీశానండి. ఇవాళ చెప్పానంతే."

మర్నాటి నుంచి రావద్దన్నారు. సరేనన్నాను. ఆ సాయంత్రం మొదలైన సినిమాకి UA 16+ సర్టిఫికెట్. ఇప్పుడు ఏడు, పదమూడు, పదహారు అని అంకెలు కూడా వేస్తున్నారు. గేటు దగ్గర నుంచుని చూశాను. పదహారు కాదు గదా, ఆరు కూడా నిండని పిల్లలు నాన్నల భుజాల మీద వెళ్ళారు. లోపల కత్తి ఉంది. ఒక మాట తీసేసి ఉంది. ఇలా రాస్తే నాకు అన్నం పెట్టిన రంగం మీదే రాళ్ళేస్తున్నానని కొందరంటారు. అననివ్వండి. ఆ అన్నం నేను తిన్నాను కాబట్టే రాస్తున్నాను.

నాలుగో రోజు మేస్త్రి ఫోను చేసింది.

"అరిచారంటగా."

"అరిచానమ్మా."

"అయితే రండి. ఆ బొమ్మ కథ చెప్పండి."

మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి వెళ్ళాను. తొమ్మిది మంది ఆడవాళ్ళు ఖాళీ ట్రేలు బోర్లించుకుని కూర్చున్నారు. నాకూ ఒకటి వేశారు. మేస్త్రి తన ఫోను తీసి, ఒక నంబరు కలిపి, స్పీకరు పెట్టి మధ్యలో ట్రే మీద పెట్టింది.

"మాట్లాడదు. వింటది. మీరు చెప్పండి," అంది.

నాకు కథ చెప్పడం చేతకాదు. మొదటి సీను నుంచి మొదలుపెట్టాను. గోడౌను, మూసుకునే తలుపు, స్టేషను. కోర్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు తినడం ఆపేశారు. లాయరు ఏం అడిగాడో చెప్పాను. ఆమె మంచినీళ్ళు అడగడం చెప్పాను. ఆ చోటికి వచ్చాను.

"ఇక్కడ మాట తీసేశారు. నోరు కదులుతుంది. ఏమందో వినపడదు," అన్నాను.

ఫోన్లో ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. తర్వాత ఆ అమ్మాయి గొంతు. గేటు దగ్గర విన్న తర్వాత మళ్ళీ ఇప్పుడే విన్నాను. ఆ మాట అంది. స్పష్టంగా, ఇంట్లో అనుకునేటట్టే. ఎవరూ నవ్వలేదు.

"అదే అనుంటది," అంది. "తర్వాత?"

తర్వాత లాయరు ఏమన్నాడో చెప్పడం మొదలుపెట్టాను.